ఛాంపియన్‌కు నేను చెప్పిన దారి

నా బుర్రలో మట్టి ఉందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని మీద మంచు కూడా కురవగలదని మాత్రం అమెరికా వచ్చాకే తెలిసింది. ప్రపంచంలోని అడవులూ కొండలూ లోయలూ కారులో చుట్టేసి, కప్పుల మీద కప్పులు ఇంటికి మోసుకెళ్ళిన ఒక ఫిన్లాండ్ మహానుభావుణ్ణి, మైలున్నర పొడవైన దారిలో, పట్టపగలు, ఇరవై మంది చూస్తుండగా మంచుగుట్టలో దింపిన ఘనత నాది. కారు చెడింది. కాంట్రాక్టు చెడబోయింది. ఏమీ కాకుండా బయటపడింది నా నోరొక్కటే, అసలు ముద్దాయి అదే అయినా.

రెండు వేల ఆరో, ఏడో. ఫోన్లు దారి చూపించని రోజులు. ఎక్కడికి వెళ్ళాలన్నా ఇంటర్నెట్‌లో దారి వెతికి, ఆఫీసు ప్రింటర్ మీద దొంగతనంగా ప్రింట్ తీసుకుని కారెక్కేవాళ్ళం. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక టైర్ల కంపెనీకి నేను కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఆ నెలాఖరుతో కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగింపు కాగితం మా మేనేజర్ లిండా బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. సంతకం పడితే ఇంకో ఏడాది ఉద్యోగం. పడకపోతే బెంచ్, అంటే పని లేకుండా కూర్చోవడం. మన బళ్ళో బెంచీ ఎక్కిస్తే గంటలో దింపేవారు. ఇక్కడ బెంచ్ ఎక్కితే వీసాతో సహా ఎక్కడ దిగుతామో ఎవరూ చెప్పలేరు.

ఆ పరిస్థితుల్లో ఒక సోమవారం లిండా మీటింగ్ పెట్టింది.

"మన కొత్త స్నో టైర్ల కోసం ఫిన్లాండ్ నుంచి ఒక ర్యాలీ ఛాంపియన్ వస్తున్నారు. రిటైరయ్యారు. పేరు ఆర్వో. మన డీలర్లను ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని మంచులో తిప్పుతారు. ఆయన గురించి ఎవరికైనా ఏమైనా తెలుసా?"

నా చెయ్యి నన్నడగకుండానే లేచింది.

"గుడ్! సబ్బు, నువ్వు ఈవెంట్‌కి రా."

సబ్బు అంటే నేనే. మా వాళ్ళు సుబ్బారావు అని పెట్టిన పేరును ఆవిడ నాలుక అరగదీసి అరగదీసి ఆ సైజుకు తెచ్చింది.

నిజానికి నాకు తెలియకపోవడమేమీ లేదు. నెలరోజులుగా లంచ్ టైములో పెరుగన్నం కలుపుకుంటూ, ఇంటర్నెట్‌లో అనుకోకుండా తగిలిన ఆయన చరిత్రే చదువుతున్నాను. కుర్రతనంలో నాన్నగారి పాల వ్యాను గడ్డకట్టిన చెరువు మీద తోలి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. తొలి విజయం నాడు ముందద్దం పగిలిపోతే గడ్డానికి మంచు పట్టేదాకా అలాగే తోలాడు. ఒకసారి చక్రం ఊడితే మూడు చక్రాల మీద గమ్యం చేరాడు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఇంకొకటి. ర్యాలీ అంటే గుండ్రటి ట్రాక్ కాదు. అడవి రోడ్డు. మలుపు వెనక ఏముందో కనిపించదు. పక్కన కూర్చున్న కో-డ్రైవర్ ఒక నోట్‌బుక్ చూసి చదువుతుంటాడు, ఈయన ఆ మాట మీద తోలుతుంటాడు. కళ్ళకు కనిపించని దారిలోకి ఒక మనిషి మాటను నమ్మి అంత వేగంతో ఎలా వెళ్తాడు? నాకు అదొక్కటి తెలుసుకోవాలని ఉండేది.

మా అమ్మకు ఫోన్లో చెబితే, "ర్యాలీ ఏంటిరా? ఏ పార్టీ వాళ్ళది? పోలీసులు పట్టుకుంటే?" అంది.

నా రూమ్‌మేట్ సుధాకర్‌ది కరీంనగర్. వాడు ఇంకా సూటిగా అన్నాడు. "అరె భై, నువ్వు పక్కన కూసుంటే నాకే రోడ్డు కనవడదు. పాపం ఆ పెద్దమనిషినెందుకు పరేషాన్ చేస్తవ్? ఎనక సీట్ల కూసో, నోరు మూస్కో, ఫొటో దిగి రా."

మంచి సలహా. అందుకే పాటించలేదు.

శనివారం పొద్దున పెన్సిల్వేనియా కొండల్లో, చలికాలమంతా మూసి ఉంచే ఒక క్యాంపు రోడ్డుకు చేరాం. ఆర్వో పొడవుగా, తెల్లగా, తలుపు మూసిన ఫ్రిజ్‌లా ఉన్నాడు. ఆయన పాత కో-డ్రైవర్‌కు మోకాలి ఆపరేషన్ అయి రాలేదట. లిండా నావైపు తిరిగింది.

"సబ్బు, ఆ నోట్స్ చదవడం నీకు వచ్చా?"

"ఓ, వచ్చు!" అన్నాను. చదవడం అంటే ఒకటో తరగతి నుంచీ వచ్చు కదా.

పద్ధతేమిటంటే, ముందు ఆయన ఆ దారిలో ఒకసారి నెమ్మదిగా తోలుతూ మలుపులు చెబుతాడు, నేను రాసుకోవాలి. తర్వాత ఆయన వేగంగా తోలుతుంటే అదే నేను ఆయనకు చదివి వినిపించాలి.

"కుడి. నాలుగు," అన్నాడాయన. అంకె మలుపు ఎంత వంపుగా ఉందో చెబుతుందట. కాసేపటికి, "ఎడమ. ఐదు." అంతే.

"ఆ పక్కన చెట్టొకటి విరిగి ఉంది సర్, రాయమంటారా?"

"వద్దు."

"వంతెన మీద కొంచెం జారుడుగా..."

"వద్దు."

మైలున్నర అయ్యేసరికి నా చేతిలో మిగిలింది పావు పేజీ. నాకు సిగ్గేసింది. పది మార్కుల ప్రశ్నకు పావు పేజీయా? పరీక్ష మొదలైన అరగంటకే అడిషనల్ షీట్ అడిగే జాతి మనది! పైగా రెండో మలుపు తర్వాత ఎడమ చేతి వైపు చెరువు దగ్గర పడవల షెడ్డుకు ఒక సందు చీలుతుంది. దాని మాటే ఎత్తలేదు మహానుభావుడు. మర్చిపోయి ఉంటాడనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకు పట్టింది.

ఇక్కడ మన సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనం ఎవరికైనా దారి చెబితే వెళ్ళాల్సిన దారి ఒక్కటే చెప్పి ఊరుకోం. వెళ్ళకూడనివన్నీ ముందు చెబుతాం. తెనాలిలో మా నాన్నను ఎవరైనా మా ఇంటికి దారి అడిగితే, "స్టేషన్ దిగగానే ఎడం పక్క ఒక రోడ్డొస్తుంది, అది కాదు. తర్వాత పిండిమర పక్కన సందొస్తుంది, దాన్నీ వదిలెయ్యండి" అని మొదలుపెట్టేవాడు. వచ్చేవాడు వాటన్నిటినీ వదిలేసుకుంటూ, భవబంధాలు వదిలిన సన్యాసిలా మా గుమ్మంలో తేలేవాడు. ఎవరూ తప్పిపోలేదు. ఎందుకంటే వాళ్ళు నడిచి వచ్చేవాళ్ళు.

టెంట్‌లో హాట్ చాకొలెట్ తాగుతూ ఆయన నోట్స్‌ను నేను మెరుగుపరిచాను. రెండో మలుపు తర్వాత అందంగా ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాను. తెలుగులో చెప్పుకుంటే, "ఎడమవైపు ఒక దారి వస్తుంది, మనది అది కాదు."

డీలర్లంతా తాడు వెనక నిలబడ్డారు. వాళ్ళను ఎక్కించుకునే ముందు ఒక ట్రయల్. నాకు హెల్మెట్ తొడిగి, మూతి ముందు మైకు పెట్టారు. నా నోటికి మైకు పెట్టడమంటే కోతికి కొబ్బరిచిప్ప కాదు, కొబ్బరితోటే రాసిచ్చినట్టు.

కారు కదిలింది. కదిలిందనడం మర్యాద, అసలు ఎగిరింది.

"కుడి, నాలుగు!" అన్నాను. కొండ కుడివైపుకు తిరిగింది.

"ఎడమ, ఐదు!" ఎడమకు తిరిగింది.

ఆహా, ఏమి అధికారం! ఇంట్లో సుధాకర్ గాడు టీవీ చానల్ కూడా నా మాట మీద తిప్పడు. ఇక్కడ నా నోటి వెంట మాట రావడం, ప్రపంచ ఛాంపియన్ చేతులు తిరగడం! ఆ మత్తులో గొంతు సవరించుకుని నా సొంత వాక్యం అందుకున్నాను.

"ఎడమ..."

కారు ఎడమకు తిరిగింది.

"...వైపు ఒక దారి వస్తుంది సర్, మనది అది కాదు!"

అప్పటికి మనది అదే అయిపోయింది. సందు చివర, శీతాకాలమంతా రోడ్ల మీంచి తోసిన మంచును గుట్టగా పోశారు. కారు అందులోకి ఇడ్లీ పిండిలో గరిటెలా దిగింది. ముందు నుంచి ఆవిరి లేచింది.

ఇద్దరికీ దెబ్బలేం తగల్లేదు. ఇంజిన్ ఆపి, ఆర్వో ముందుకు చూశాడు. ముందు తెలుపు తప్ప ఏమీ లేదు.

"ఎడమ అన్నారు," అన్నాడు.

"అన్నాను సర్. కానీ అది కాదని కూడా అన్నాను."

"తర్వాత."

"వాక్యం పూర్తికాకుండానే తిప్పేశారు కదా సర్!"

"కారు పూర్తయింది."

నా కాంట్రాక్టు కూడా పూర్తయిందని నాకర్థమైంది. కానీ చూడండి నా బుద్ధి, ఆ పూటా కుతూహలం చావలేదు.

"అక్కడ ఎడమ మలుపు లేదని మీకు తెలుసు కదా సర్. పొద్దున మీరే వచ్చారు కదా. మరెందుకు తిప్పారు?"

"చెప్పారు. తిప్పాను."

"అలా ఎలా నమ్ముతారు సర్?"

ఆయన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెప్పింది విని, అది నిజమేనా అని రోడ్డు వైపు చూస్తే ఆలస్యం. ఒక రోజు నేను చూశాను. మర్నాడూ చూశాను. అప్పుడు ర్యాలీలే మానేశాను. ఈ రోజు చూడలేదు. చాలా ఏళ్ళ తర్వాత. బాగుంది," అన్నాడు.

నెలరోజులు ఇంటర్నెట్ అంతా తవ్వినా దొరకనిది ఆ మంచుగుట్టలో దొరికింది. కానీ దాన్ని పట్టుకుని కూర్చునే భాగ్యం లేకపోయింది. తాడు దాటుకుని లిండా పరిగెత్తుకొస్తోంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మంచు తొక్కిన నాకు కాలు కడుక్కుంటే సరిపోలేదు, పార పట్టాల్సొచ్చింది. డీలర్లు కారెక్కకుండానే డోనట్లు తిని వెళ్ళిపోయారు. లిండా ఒక్కటే మాట అంది. "సబ్బు, సోమవారం పొద్దున నా రూముకు రా."

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఆర్వోను ఎయిర్‌పోర్ట్‌కు దింపాల్సిన డ్రైవరు ఆ గుట్టలోంచి కారు లాగే పనిలో ఇరుక్కున్నాడు. ఖాళీగా ఉన్నది నా పాత కారూ, నేనూ.

"నూవర్క్ ఎయిర్‌పోర్ట్. ఆరింటికి ఫ్లైట్. ఈ ఒక్క పనైనా..." లిండా వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆవిడ పూర్తి చెయ్యని వాక్యాలు కూడా ఎంత బాగా అర్థమవుతాయో!

ఆ డ్రైవరు కోసం ప్రింట్ తీసి ఉంచిన ఎయిర్‌పోర్ట్ దారి కాగితం ఆర్వో చేతిలో పెట్టాను. "మీరు చదవండి సర్, నేను తోలతాను."

ఆయన మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "సరే," అన్నాడు.

ఇక నాకు దిగులేముంది? దారి చూసుకోవడానికి సాక్షాత్తూ ప్రపంచ విజేత ఉన్నాడు. ఆయన చెబుతాడు, నేను తిప్పుతాను. ఆ ధీమాతో రోడ్డు పక్కన బోర్డులు చూడటం మానేసి, ఆయన జీవిత చరిత్ర ఆయనకే చెప్పడం మొదలుపెట్టాను. పాల వ్యాను, చెరువు, పగిలిన అద్దం, మూడు చక్రాలు. ఆయన తలూపుతూ విన్నాడు. ఎంత మంచి శ్రోత! ఆయన పెళ్ళిదాకా వచ్చి ఊపిరి పీల్చుకుంటే, ఎందుకో చుట్టూ ఊళ్ళు కొత్తగా కనిపించాయి.

"సర్, 287 హైవేలోకి ఎగ్జిట్ ఎప్పుడొస్తుంది?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"మూడు చక్రాల దగ్గర."

"మరి చెప్పలేదేం సర్!"

"మీరు మాట్లాడుతున్నారు. మధ్యలో మాట్లాడటం మర్యాద కాదు."

అయ్యా, ఆ ఎగ్జిట్ ఎక్కడిదనుకున్నారు? పార్సిప్పనీది! నేను రోజూ దిగేది! మా అపార్ట్‌మెంట్ దాటేసి, నా వంటింటి కిటికీకి టాటా అయినా చెప్పకుండా న్యూయార్క్ వైపు దూసుకుపోతున్నాం. కంగారులో ఆయనకు క్షమాపణలు చెప్పుకోసాగాను. వివరంగా చెప్పుకున్నాను. అది ముగిసేలోగా, వెనక్కి తిరగాల్సిన రెండో ఎగ్జిట్ కూడా మర్యాదగా దాటిపోయింది. తర్వాత న్యూయార్క్ వంతెన దగ్గర ట్రాఫిక్. మేము ఎయిర్‌పోర్ట్ చేరేసరికి ఆయన విమానం వెళ్ళిపోయింది, మా నెత్తి మీంచే వెళ్ళిందేమో కూడా తెలియదు.

లిండాకు ఫోన్ చేశాను. ఆవిడ గొంతు ఆర్వో కూర్చున్న చోటికి కూడా వినిపించింది.

"మళ్ళీ ఎలా తప్పిపోయావు సబ్బు? ఎవరి తప్పిది?"

ఆర్వో చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. "నాది. చదవాల్సింది నేను. చదవలేదు."

తర్వాత లిండా ఏదో అడిగింది.

"కాదు," అన్నాడాయన. "పొద్దున్నది ఇతనిదే."

నిజాయితీపరులతో వచ్చిన చిక్కే ఇది. నేను కళ్ళు మూసుకున్నాను.

"కానీ టైర్లు మంచివి," అన్నాడాయన ఇంకా. "మంచులో నేను తిప్పిన చోటికి తిరిగాయి. చెత్త టైర్లయితే తిన్నగా పోయేవాళ్ళం. ఈ మాట మీ డీలర్లకు చెప్పండి. నా పేరు పెట్టి చెప్పండి."

సోమవారం లిండా రూములోకి వెళ్ళేసరికి ఆ మాట డీలర్లందరికీ ఈమెయిల్లో వెళ్ళిపోయి ఉంది. పొడిగింపు కాగితం మీద సంతకం కూడా ఉంది. దాని కింద లిండా పెన్సిల్‌తో ఒక షరతు రాసింది: "సబ్బు ఈ ఆఫీసులో ఎవరికీ దారి చెప్పకూడదు. బాత్రూముకు కూడా."

ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. ఇహ మీదట ఎవరి పక్క సీట్లో కూర్చున్నా నడుముకు ఒక బెల్టు, నోటికి ఒక బెల్టు పెట్టుకుంటాను. ఎవరైనా దారి అడిగితే కాగితం ఇస్తాను గానీ కంఠం ఇవ్వను. నాకు తెలిసిన రోడ్డయితే అసలే ఇవ్వను. ఈ ప్రతిజ్ఞ ఇప్పటిదాకా తప్పలేదు. తప్పే అవకాశం ఎవరూ ఇవ్వడం లేదు.

అయితే సుధాకర్ గాడు ఊరుకుంటాడా? తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లో, పుట్టినరోజుల్లో, గుళ్ళో ప్రసాదం లైన్లో, "ఇనుర్రి, మా వోడు ఛాంపియన్‌ని చెర్ల ముంచిండు" అని మొదలుపెడతాడు. చెప్పినప్పుడల్లా మంచుగుట్ట ఇంకాస్త కరిగి, చెరువు ఇంకాస్త లోతవుతుంది. వాడు ముగించేదాకా నేనేమీ అనను. మధ్యలో మాట్లాడటం మర్యాద కాదని ఇప్పుడు నాకూ తెలుసు. వాడు ముగించాక పర్సులోంచి ఒక ఫొటో తీసి అందరికీ చూపిస్తాను. ఆ సాయంత్రం ఎయిర్‌పోర్ట్ ముందు తీసింది. నా పాత కారులో, పక్క సీట్లో, బెల్టు పెట్టుకుని, ప్రింటు కాగితం తలకిందులుగా పట్టుకుని ప్రపంచ ఛాంపియన్ కూర్చుని ఉంటాడు. దాని కింద నేను, "నన్ను మా ఇంటి దగ్గర దారి తప్పించిన పెద్దమనిషి" అని ఇంగ్లీషులో రాసి ఫిన్లాండ్‌కు పంపాను. నెల తిరక్కుండా ఆయన దాని కింద సంతకం పెట్టి వెనక్కి పంపాడు.