‘చేరలేదు’ అనే మాటను నిలబెట్టిన మా అత్త

పోయిన నెల ఒక ఉదయం, మదురైలో ఆఫీసుకు బయలుదేరుతుండగా కోయంబత్తూరు పక్కనున్న పోదనూరు నుంచి మా నాన్న ఫోన్ చేశాడు. “అక్క పోయిందిమా,” అన్నాడు. ఆయన అక్క నాకు అత్త. ఊపిరితిత్తుల జబ్బుతో కొన్ని నెలలుగా మంచం మీద ఉంది. ఈ కబురు వస్తుందని అందరికీ తెలుసు. అయినా బస్సు కోయంబత్తూరు చేరేదాకా నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గాని, నా కంటికి ఏదీ ఆనలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. కానీ మా వైపు ఆసుపత్రి గేటు దాటిన ప్రతి పసుపు సంచీ ఏ బండి ఎక్కిందో, ఎక్కడ దిగిందో, కాల్చే ప్లాంటుకు చేరిందో లేదో ఈ రోజు ప్రభుత్వానికి తెలుస్తోంది. రక్తం అంటిన దూది, వాడేసిన గొట్టాలు ఆ సంచుల్లోనే పోతాయి. వాటి ప్రయాణాన్ని కనిపెట్టుకుని ఉండే ఆ డిజిటల్ సేవను తయారుచేసిన జట్టుకు పెద్ద మా అత్త. ఆ జట్టులో నేనూ ఒకదాన్ని.

మా వాళ్ళు తరతరాలుగా కోయంబత్తూరు వీధులు ఊడ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆదివారం చర్చిలో రెండూ. అత్త కాలేజీలో కంప్యూటర్ చదువుతున్న రోజుల్లో, చెత్తకుప్ప ఎత్తుతుండగా మా అవ్వ పాదంలో ఆసుపత్రి సూది దిగింది. చీము పట్టింది. చివరికి పాదంలో సగం తీసేశారు. అవ్వ మళ్ళీ పనికి పోలేదు.

ఆ సంగతి వచ్చినప్పుడల్లా అత్త ఒకటే అనేది: “కట్టు కట్టినోళ్ళు ఉండారు, కాలు తీసినోళ్ళు ఉండారు. ఆ సూది యాడనుంచి వచ్చిందని అడిగినోళ్ళే లేరు.”

ఉద్యోగంలో చేరాక కూడా ఆమె ఆ ప్రశ్నను వదల్లేదు. ప్రభుత్వం ఆసుపత్రి వ్యర్థాలకు ఒక సేవ కావాలని, ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ రాసే మా మదురై కార్యాలయాన్ని అడిగినప్పుడు, వేరే పెద్ద పనులు ఉండగా కావాలని దీన్నే అడిగి తీసుకుంది.

ఆమె నిలబడి పనిచేసేది. సొరుగులో ఎప్పుడూ వేయించిన శనగలు. ఎవరు కోపంగా వచ్చినా ముందు గుప్పెడు శనగలు వాళ్ళ చేతిలో పోసి, తర్వాత మాట మొదలుపెట్టేది. నోటినిండా శనగలు పెట్టుకుని ఎవరూ అరవలేరని ఆమె నమ్మకం.

మొదట మేము తయారుచేసిన దాంట్లో లారీ డ్రైవరు బోలెడు ప్రశ్నలకు జవాబు నొక్కాలి. అత్త నన్ను వెంటబెట్టుకుని లారీ ఎక్కింది. ఆ డ్రైవరన్న కూడా మన తెలుగువాడే. చేతికి మందపాటి గ్లవుజులు. ఫోన్ తెర మీద ఎంత నొక్కినా పలకలేదు.

“ఏంక్కా, నేను బండి నడిపేదా, దీనికి పరీక్ష రాసేదా?” అన్నాడు.

అత్త పగలబడి నవ్వింది. “సరి అన్నా, నువ్వు రాయొద్దు. సంచి మీద స్టిక్కర్‌కి ఫోన్ చూపిస్తే చాలు. మిగతాది మేము చూసుకుంటాము.”

ఆఫీసుకు తిరిగి రాగానే ప్రశ్నలన్నీ కోసేసింది. నేను ఏదో ఒకటి ఉంచుదామంటే, “దానికి జవాబు వస్తే ఎవురికి పనికొస్తాది? చెప్పు, ఉంచుతాను,” అనేది. నేనే దాన్ని కొట్టేసేదాన్ని. చివరికి మూడు చేతులు మిగిలాయి: ఆసుపత్రిలో ఇచ్చే చేయి, లారీలో మోసే చేయి, ప్లాంటులో తీసుకునే చేయి. సంచి తమ చేతికి వచ్చిన క్షణంలోనే ఆ ముగ్గురూ స్టిక్కర్‌కు ఫోన్ చూపించాలి. “పంపిస్తే అయిపోలేదు, చేరాల,” అన్నది మా జట్టంతటికీ నోటికొచ్చేసింది.

అసలు గొడవ ఒక్క మాట దగ్గర వచ్చింది. వేళకు ప్లాంటుకు రాని సంచి ఎదురుగా తెర మీద ఎర్రగా ‘చేరలేదు’ అని పడేలా అత్త పెట్టింది. సంచులు మోసే కాంట్రాక్టర్లు ఒప్పుకోలేదు. మా పైఅధికారి ఆమెను పిలిచి, ‘ఆలస్యం’ అని మార్చమన్నారు. తమిళాయన, మంచి మనిషే, కానీ పైనుంచి ఒత్తిడి. మార్చకపోతే ఈ పని ఇంకొకరికి పోతుందని కూడా చెప్పారు.

నేను పక్కనే ఉన్నాను. అత్త గొంతు పెంచకుండా తమిళంలోనే చెప్పింది.

“సార్, ఆలస్యం అంటే వస్తుందని అర్థం. రానిదాన్ని వస్తుందని నేనెట్లా రాసేది? ఒక వారం చూడండి. ఆ మాట తప్పని తేలితే నేనే తీసేసి పోతాను.”

ఆయన సరే, ఒక వారం అన్నారు. బయటికి వచ్చాక అత్త సొరుగులోంచి శనగలు తీసి, తినకుండా గుప్పిట్లోనే పట్టుకుంది. “భయంగా ఉండాదా?” అని అడిగాను. “కండిప్పా ఉండాది! భయం లేకుండా ఉంటాదా?” అంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం దిండిగల్ వైపు నుంచి బయలుదేరిన లోడు ఎర్రబడింది. చేరలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందన్నారు అందరూ. మేము కూర్చుని మొత్తం తిరగేశాం. తప్పు లేదు. అత్త నేరుగా పైఅధికారి గదిలోకి వెళ్ళి, “సార్, తెర చూసి వాదించుకోవడం దేనికి, దారి చూద్దాం రండి,” అంది. ఆయన కాలుష్య శాఖ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి, జీపు తెప్పించి, అత్తతో, నాతో పాటు తానూ ఎక్కారు.

డ్రైవరు ఫోన్‌లోని జీపీఎస్ చూపిస్తున్న దారిన పోగా పోగా, ఊళ్ళు దాటాక ఎండిన వాగు ఒకటి వచ్చింది. గట్టు మీద లారీ. కింద ఇసుకలో పసుపు సంచులు. దింపుతున్నవాళ్ళు జీపును చూసి అట్లాగే నిలబడిపోయారు. వాగులో కొంచెం ఎగువన పశువులు మేస్తున్నాయి.

అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గట్టు దిగింది. ఒక సంచి స్టిక్కర్‌కు ఫోన్ చూపించింది. ఏ ఆసుపత్రి, ఏ వార్డు, ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, అంతా తెర మీద వచ్చేసింది.

“ఇదో చూడండి సార్! పుట్టింది యాడో ఇదే చెప్తుండాది!” అని అరిచింది. తమిళంలో మాట్లాడాలన్న సంగతి మరిచిపోయి తెలుగులోనే అరిచింది. ఆయనకు అర్థమైంది. “మేడం, ఆ మాట ఉండనీ,” అన్నారు. ‘చేరలేదు’ నిలబడింది. ఆ కాంట్రాక్టు రద్దయింది. ఏడాది తిరగకుండానే ఆ సేవ మిగతా జిల్లాలకూ పోయింది.

అది మా కోయంబత్తూరులో మొదలైన రోజు అత్త అవ్వ పక్కన కూర్చుని ఫోన్‌లో ఒక సంచి ప్రయాణమంతా చూపించింది. అవ్వ కళ్ళు చికిలించి చూసింది. “నా కాల్లో దిగినది కూడా దీంట్లో ఉండాదా?” అని అడిగింది.

“లేదుమా. దాన్ని అడిగేకి అప్పుడు ఎవురూ లేరు. ఇకమీద వచ్చేదానికి ఉండారు.”

అవ్వ కూతురి తల మీద చేయి పెట్టి, చాలాసేపు అట్లాగే ఉంచింది.

అత్తను సమాధి చేసిన రోజు చర్చి పట్టనంత మంది వచ్చారు. ఊడ్చే పని ముగించుకుని యూనిఫాంలతోనే వచ్చిన ఆడవాళ్ళు, డ్రైవర్లు, మా పైఅధికారి. పాస్టరు ప్రార్థన చేస్తుండగా అందరితోపాటు నేనూ కళ్ళు మూసుకున్నాను. కనిపించింది మంచం మీది అత్త కాదు.

వాగు నుంచి తిరిగి వస్తూ దిండిగల్‌లో బిర్యానీ కోసం ఆగిన సాయంత్రం అది. హోటల్లో చోటు లేక అత్త జీపు వెనక తలుపు తెరిచి, మెట్టు మీద కూర్చుంది. చీర అంచుకు ఇంకా వాగు ఇసుక. ఒడిలో ఆకు పొట్లం. ఇన్‌స్పెక్టరు ఏదో అన్నాడు. ఆమె తల వెనక్కి వేసి, బుగ్గ మీద మెతుకు అంటుకుని ఉండగా, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేటంత గట్టిగా నవ్వుతోంది.