నాలుగో నంబరు దీపం

"నేను పంపలేదంటున్నాగా."

"నువ్వు పంపకపోతే పెట్టె మీద నాలుగో నంబరు ఎవరేశారు? మీ అమ్మమ్మా?"

"మా అమ్మమ్మే చూసుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆవిడ చచ్చేదాకా సూదిలో దారం ఎక్కించుకుంది."

"వేళాకోళాలొద్దత్తా. కొట్లోంచి ఇన్‌స్పెక్షన్ వాళ్లు మూడు పెట్టెలు తీసుకెళ్లి పగలగొట్టి చూశారు. పైనేమో ఫస్టు రకం అని మన ముద్ర. లోపల ఐదు గుడ్లలో నెత్తురు చుక్కలు. ఇది రెండో నోటీసు. మూడోది వచ్చిందంటే నాకు జరిమానా, నీకు లైసెన్సు కార్డు రద్దు. నేను ఎలాగో చచ్చీ చెడీ కట్టుకుంటాను. నీ కార్డు పోతే మాత్రం ఏ షెడ్డులోనూ నిన్ను గడప తొక్కనివ్వరు. గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. నీ చేత తన ఎదురుగా ఒక ట్రే చూయిస్తుందట."

ఓనరు నోటీసు కాగితం అత్త ముందు పడేశాడు. గుడ్లు నిలవుంచే చల్లగది చూసుకునే పని నాది; దాని తలుపు దగ్గర రిజిస్టరు పట్టుకుని, సిగ్గులేకుండా వింటున్నాను. షెడ్డులో అందరూ దీపాలత్త అని పిలిచే ఆ మనిషి మాటకి మాట అప్పజెప్పకుండా ఊరుకోవడం నేను చేరాక అదే మొదటిసారి. ఓనరు బూతులు తిట్టినా అంత భయం వేసేది కాదు నాకు.

ఆవిడ పనేమిటో చెప్పాలి. మా షెడ్డుకి కోళ్లఫారాల నుంచి గుడ్లొస్తాయి. చీకటిగదిలో నాలుగు బల్లలు. ఒక్కో బల్ల మీద ఒక రేకు డబ్బా, దానికి గుడ్డుకంటే చిన్న కన్నం, లోపల దీపం. గుడ్డుని కన్నానికి ఆనించి గిర్రున తిప్పితే కడుపులో గుట్టంతా బయటపడుతుంది. పగులుంటే తెల్లటి గీత, నెత్తురుంటే ఎర్రటి నలుసు. మంచివి ఫస్టు రకం, పగిలినవి బేకరీకి, మిగతావి గోతిలోకి. ఏ పెట్టె ఎవరు చూశారో దాని మీద వాళ్ల నంబరు వెయ్యాలి. అది చట్టం. తప్పు దొరికితే ఎవరి పీక పట్టుకోవాలో తెలియాలి కదా.

ఆవిడ పందొమ్మిదేళ్లుగా నాలుగో నంబరు. మొగుడు పోయాక ఆ నంబరుతోనే కూతుర్ని పెంచింది. ఉండేది ఒకటే గది. అందులో సగం కూతురి కుట్టుమిషనుది, మిగతా సగం కుట్టాల్సిన స్కూలు యూనిఫారాలది. తల్లీకూతుళ్లు పడుకోవాలంటే ముందు బట్టలు మంచం దిగాలి. నేను అత్తా అని పిలిస్తే ఆవిడ నన్ను అల్లుడూ అంటుంది. "పిల్లనివ్వను గానీ పిలుపిస్తాను, అది చాలదూ" అంటుంది. కాలేజీ సగంలో మానేసి వచ్చానని తెలిసిన రోజున మాత్రం, "మంచి పని చేశావు, ఇక్కడ గుడ్లకే మార్కులేస్తారు" అంది.

నోటీసు వచ్చిన మర్నాడు టీ వేళ. మిగతా బల్లల వాళ్లు ముగ్గురూ తమ దీపాలు ఆర్పేసి బయటికెళ్లారు. చల్లగది గొట్టం చీకటిగదిలోంచే పోతుంది, అది చూద్దామని తలుపు తీశాను. లోపల కటిక చీకటి. ఎవరూ లేరనుకుని మూసేయబోతుంటే వినపడింది. టిక్. కాసేపాగి మళ్లీ టిక్, టిక్.

ఫోను లైటు వేశాను.

అత్త. తన బల్ల దగ్గర, కళ్లు గట్టిగా మూసుకుని, తల ఒక పక్కకి వంచి కూర్చుంది. చేతిలో రెండు గుడ్లు ఒకదానికొకటి మెల్లగా తగులుతున్నాయి. ఒకదాన్ని కుడి ట్రేలో పెట్టింది. ఇంకోదాన్ని ఎడమ పక్క. ఎదురుగా రేకు డబ్బా కన్నం నల్లగా ఉంది. బల్బు మాడిపోయింది.

"అత్తా, నీ దీపం ఆరిపోయింది."

చేతులు ఆగిపోయాయి.

"ఎప్పుడు?" అంది.

దీపం ముందు కూర్చున్నది ఆవిడ. నన్నా అడగడం.

తలుపు వేసి పక్కన కూర్చున్నాను. అత్త తల ఎత్తకుండా, గుడ్లతో చెబుతున్నట్టు చెప్పింది. ఎడమకన్ను పోయి మూడేళ్లయింది. కుడికంటికి చుట్టూ మసి, మధ్యలో చిన్న కిటికీ. నరం ఎండిపోతోందట. పోయింది తిరిగిరాదని, ఉన్నది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. కార్డు కోసం ఏటా కంటిపరీక్ష ఉంటుంది. గోడమీది అక్షరాల పట్టిక పైనుంచి కిందిదాకా కంఠతా పట్టింది. ఏటా అదే పట్టిక. మార్చాలని ఎవరికీ తోచలేదు.

"పగుళ్లకి కళ్లెందుకురా? మంచి గుడ్డు గాజులా పలుకుతుంది. పగిలింది టప్పుమంటుంది, జలుబు చేసినట్టు. కళ్లు మూసుకుంటే ఇంకా బాగా వినిపిస్తుంది. పగుళ్ల మీద నాకు ఒక్క నోటీసైనా వచ్చిందా? చెప్పు."

"రాలేదు."

"నెత్తురు పలకదు. అదే వచ్చింది చావు." చేతుల్ని కొంగులో చుట్టుకుంది. "కిటికీలోంచి చూస్తే నెత్తురూ కనిపిస్తుంది. ముక్కుకి ఆనించుకుని, ఒక్కోదానికి అర నిమిషం పడుతుంది. రోజుకి ఆరువేలు చూడాలి. ఎక్కడ కుదురుతుంది?"

"మీ అమ్మాయికి తెలుసా?"

"దానికి తెలిస్తే రేపే మానిపించేస్తుంది. మానేస్తే ఆ గదిలో ఏం చెయ్యను, గుండీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనా? అవీ కనబడవు." నవ్వబోయింది, కుదరలేదు. "అల్లుడూ, ఎవరికీ చెప్పకు."

కొత్త బల్బు తెచ్చి పెట్టాను. నేను చేసింది అంతే.

గురువారం వచ్చేదాకా ఆవిడ అన్నం డబ్బా తెరిచినట్టే తెరిచి మూసేసేది. గేటు దగ్గర ఏ బండి ఆగినా చేతిలో గుడ్డు ఆగిపోయేది. బుధవారం పాలవాడి బండికి కూడా ఆగింది.

గురువారం పదకొండింటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నేను ఏ రాక్షసినో ఊహించుకున్నాను. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. చెప్పులు విడిచి లోపలికొచ్చింది. అరిచేవాళ్ల దగ్గర కాళ్లు పట్టుకోవచ్చు, బతిమాలుకోవచ్చు. ఇలాంటివాళ్ల దగ్గర ఏం చేస్తాం?

తెచ్చిన ట్రే బల్లమీద పెట్టింది. ముప్పై గుడ్లు. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో నంబరు, వాటిలో ఏవి చెడ్డవో ఆవిడ పుస్తకంలో రాసి ఉంది. "రెండు తప్పులైతే కార్డు తీసుకుంటాను. ఒకటి వరకు పరవాలేదు. తొందరేం లేదు, నిదానంగా చూడండి" అంది.

ఓనరు తలుపు దగ్గర నిలబడి మెడ తుడుచుకుంటున్నాడు. నేను గోడవతల చల్లగది మిషను దగ్గరున్నాను. దాని రొద మామూలుగా మాకు వినిపించదు, అలవాటైపోయింది. ఆవేళ మాత్రం చెవుల్లో గునపంతో పొడుస్తున్నట్టుంది. ఈ రొదలో ఆవిడకి ఏం వినపడుతుంది?

స్విచ్చు ఆపేశాను.

షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో టిక్, టిక్ అని మొదలైంది. తలుపు సందులోంచి చూశాను. అత్త ముందు ముప్పై గుడ్లనీ చెవితో చూసేసింది. మూడు తీసి పక్కన పెట్టింది. తర్వాత ఒక్కోదాన్నీ దీపానికి ఆనించి, ముక్కు కాలేంత దగ్గరగా వంగి, ఆ కిటికీలోంచి చూడ్డం మొదలెట్టింది. ఓనరు నావైపు తిరిగి సైగ చేస్తున్నాడు, మిషను ఎందుకు ఆగిందని. నేను చూడనట్టు ఊరుకున్నాను. చల్లగది గోడమీద ఉష్ణోగ్రత చూపే ముల్లు ఒక డిగ్రీ పెరిగింది. తర్వాత ఇంకొకటి.

పదిహేను నిమిషాలు పట్టింది. ఇంకోటి పక్కన పెట్టి, "అయిపోయింది" అంది అత్త.

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం చూసుకుంటూ ఒక్కో గుడ్డే తీసి వెడల్పాటి గిన్నెలో పగలగొట్టింది. పగుళ్లు మూడూ సరిపోయాయి. నెత్తురు చుక్కలున్నవి రెండు. ఒకటి అత్త పట్టుకుంది. రెండోది మంచివాటిలోనే ఉండిపోయింది.

"ఒక తప్పు. సరే, కార్డు ఉంచుకోండి" అంది. వెళ్తూ వెళ్తూ చల్లగది గోడ దగ్గర ఆగింది. ముల్లు వైపు చూసింది. నావైపు చూసింది. "మిషను ఎందుకు ఆపారు?"

"తుడుద్దామని మేడమ్."

"గుడ్లు లోపలుండగానా?" ఇంకేమీ అనలేదు. నా రిజిస్టరులో హెచ్చరిక అని రాసి నా చేత సంతకం పెట్టించుకుంది. ఇంకోసారి ఆగితే జరిమానా నా పేరు మీదే.

ఓనరు ఊపిరి పీల్చుకుని, నన్ను నాలుగు తిట్టి, గేటు దాకా ఇన్‌స్పెక్టరమ్మని సాగనంపడానికి వెళ్లాడు. నేను చీకటిగదిలోకెళ్లాను. గండం గడిచింది కదా, ఏదో ఒక జోకు వేస్తుందనుకున్నాను. అత్త ఆ గిన్నెలో ముఖం పెట్టి చూస్తోంది. తను పట్టుకోలేకపోయిన ఆ ఎర్ర చుక్క కోసం వెతుకుతోంది.

"ఎక్కడుంది?"

వేలుపెట్టి చూపించాను.

"ఇంతుందా," అంది. "దీన్ని రెండుసార్లు చూశానురా నేను."

బయట మిషను మళ్లీ రొద చేస్తోంది. మిగతా ముగ్గురూ వచ్చే అలికిడి వినిపించింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగదిలోంచి తీసినట్టున్నాయి.

"ఒక పని చేసిపెట్టు. రోజూ పొద్దున ఒకసారి, టీ అయ్యాక ఒకసారి ఇటొచ్చి, నా దీపం వెలుగుతోందో లేదో చెప్పు. నేనడిగినట్టు కాదు, ఏదో ఊరికే అన్నట్టు. వాళ్లకి అనుమానం రాకూడదు."

"సరే అత్తా."

"పూర్తిగా విను. ఎప్పుడైనా దీపం ఆరిపోయిందని నువ్వంటావు. నేను కళ్లు తెరిచి చూసి, లేదు వెలుగుతోందని నీతో వాదిస్తాను. నా నోరు సంగతి తెలుసుగా, ఎంత మాటైనా అంటాను. నువ్వు తిరిగి వాదించకు, కిటికీ కూడా మూసుకుపోయిందని తెలుసుకో. ఆ రోజు నన్నడక్కుండా తిన్నగా వెళ్లి ఆ మేడమ్‌కి చెప్పెయ్యి."