స్వామి కుడికాలి చెప్పు

దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే, ముందు రాత్రి ఏం తాగావని అడిగే రకం నేను. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ కాస్త చదువుకే ఒళ్లంతా తర్కం పట్టింది. దేవుడు గుళ్లో ఉంటాడంటే ఉండనీ అనేవాణ్ణి గానీ, లేచి తిరుగుతాడంటే మాత్రం నవ్వేవాణ్ణి. అటువంటి నా చేతుల మీదుగానే ఇది జరిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరే ఆలోచించుకోండి.

అప్పట్లో మాది మద్రాసు రాజధాని, కర్నూలు జిల్లా. మార్కాపురానికి రెండు కోసుల దూరంలో మా ఊరు. ఊళ్లోని చెన్నకేశవస్వామి గుడి ఎంత పాతదో ఎవరికీ తెలియదు. ఆ స్వామి రోజూ గుడి దిగి, నల్లమలలోకి నడిచిపోయి, తాను మనసుపడ్డ చెంచుపిల్లను చూసి తెల్లవారేలోపు తిరిగొస్తాడని కథ. అమ్మవారు అలిగి మొహం తిప్పుకుంటుందట, అందుకే విగ్రహం మెడ కొంచెం పక్కకు వాలి ఉంటుందట. శిల్పికి ఉలి జారి ఉంటుందని నేననేవాణ్ణి.

అంత దూరం నడిచే స్వామికి చెప్పులు అరుగుతాయి కదా. ఏటా కల్యాణానికి కొత్త జత కావాలి. కుడికాలిది మా ఇంట్లో కుట్టాలి. ఎడమకాలిది దొనకొండ దగ్గరి పల్లెలో సుంకమ్మ అనే పెద్దావిడ కుట్టాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. కొలత తీయకూడదు. పదకొండు రోజులు నీచు ముట్టకుండా ఒంటిపూట తిని నేలమీద పడుకుంటే కొలత దానంతటదే చేతికి వస్తుందట. పైగా అది ఏటా కొంచెం మారుతుంది, కాబట్టి పాత చెప్పును చూసి కుట్టేద్దామంటే కుదరదు. ధ్వజస్తంభం దాటి మమ్మల్ని లోపలికి రానివ్వరు, మేం కుట్టిన చెప్పులు మాత్రం గర్భగుడి దాకా పోతాయి. ఈ మాటంటే మా నాయన కోప్పడేవాడు.

కల్యాణం నాడు రెండు చెప్పులూ పక్కపక్కన పెట్టి చూస్తారు. జత కుదరకపోతే కుట్టే హక్కు వేరే ఇంటికి పోతుంది. మా ముత్తాత నాటి నుంచీ అది మా ఇల్లు దాటలేదు.

ఆ ఏడు మా నాయన కుడిచేతి బొటనవేలికి తుమ్మముల్లు గుచ్చుకొని చీము పట్టింది. చేయి మణికట్టు దాకా వాచిపోయింది. కత్తి పట్టలేడు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఈసారి నువ్వే కుట్టాల అబ్బీ. నా కాలంలో హక్కు పోయిందంటే సచ్చి మా నాయనకు ఏం మొగం సూపియ్యాల?"

తోలు పని నాకు వచ్చు. కొలత చేతికి వస్తుందన్న మాట మీద మాత్రం నాకు నమ్మకం లేదు. ఉపవాసం సంగతి చెప్పాలంటే, నాలుగో రోజునే మేనత్త ఇంట్లో కోడికూర తిన్నాను. కానీ నాయన రాత్రిళ్లు ఆ వాచిన చేతిని ఒళ్లో పెట్టుకొని నిద్రపోకుండా కూర్చోవడం చూసి భయం పట్టుకుంది. ఇక బుద్ధి వాడదామనుకున్నాను.

మార్కాపురం స్టేషన్లో రైలెక్కి దొనకొండలో దిగాను. తోలు నానబెట్టడానికి తంగేడు చెక్క కావాలనే నెపంతో సుంకమ్మ ఇంటికి పోయాను. పంచలో పీట పక్కన ఎడమకాలి చెప్పు ఒకటి కనబడింది. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "కూసో అబ్బీ, దప్పికకు నీళ్లు తెస్తా" అని బావి వైపు పోయింది. మొలలోంచి దారం తీసి, చెప్పు పొడుగు కొలిచి, అక్కడ ముడి వేసుకున్నాను. ఆమె వచ్చేసరికి బుద్ధిమంతుడిలా కూర్చొని ఉన్నాను. తిరుగు ప్రయాణమంతా నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చి తోలు పరిచి, దారం ప్రకారం గీత గీసి, అడుగు కోశాను. వెంట్రుకవాసి తేడా రాలేదు. కుట్టి, పట్టీలు బిగించి, పసుపు రాశాను. నాయన ఎడమచేత్తో తడిమి చూశాడు.

కల్యాణం పట్టపగలే జరుగుతుంది. గుడి ముందు అరుగు మీద కొత్త గుడ్డ పరిచారు. సుంకమ్మ తన చెప్పు పెట్టింది, నేను నాది పెట్టాను. ఊరి పెద్ద రెండింటి అడుగులూ ఒకదానికొకటి ఆనించి చూశాడు. మడమ మడమకు, కొన కొనకు సరిపోయింది. డప్పులు మోగాయి. మా నాయన అందరి ముందే ఏడ్చేశాడు. నేను మీసం దువ్వుకున్నాను.

సుంకమ్మ నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది.

"ఏం అబ్బీ, ఆ దినం కొలుచుకొని పోయినావే, దారం ఉందా?"

నా చేయి మొల మీదికి పోయింది.

"నీ మొలలో దారం యాలాడతాంటే సూసినా. అందుకే నీళ్లకని పోయినా. నువ్వు కొలిచింది మా ఊరి కరణం చెప్పు, పట్టీ తెగితే కుట్టమని ఇచ్చినాడు. స్వామిది అటక మీద గుడ్డలో చుట్టి పెట్టినా."

ఆమె నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. పూజారి నీళ్లు చల్లేదాకా ఆ చెప్పులు మేం ముట్టుకోవచ్చు. వంగి, నమస్కారం చేస్తున్నట్టు నటించి, దారాన్ని ఆమె కుట్టిన చెప్పు మీద పెట్టాను. రెండు వేళ్లు తక్కువైంది. నేను కుట్టిన దాని మీద పెట్టాను. అక్కడా రెండు వేళ్లు తక్కువే.

సుంకమ్మ కూడా వంగి చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. "నేను నీకు బుద్ధి చెప్దామనుకున్నా గదా నాయనా, ఇదేంది?" అని దండం పెట్టింది.

ఇంటికి పరుగెత్తాను. అడుగు కోయగా మిగిలిన తోలు మూలన పడి ఉంది. దాంట్లో చెప్పు ఆకారంలో ఖాళీ ఉంది కదా, అందులో దారం పరిచాను. ఇటు అంచు నుంచి అటు అంచుకు సరిగ్గా ముడి దగ్గరికి వచ్చింది. అంటే నేను కోసింది కరణం కాలి కొలతే. ఆ ఖాళీలోంచి వచ్చిన చెప్పు ఖాళీ కంటే రెండు వేళ్లు పొడుగు.

తడి తోలు సాగి ఉంటుందని అంటారు. సాగుతుంది, గోరంత. నేనూ తోలు పనివాణ్ణే. నాయన మార్చి ఉంటాడా అంటే, ఆయన చేతికి కట్టు ఉంది, ఇంట్లో వేరే తోలు లేదు. పైగా కుట్లు నావే. మూడో కుట్టు కాస్త వంకర, అది కూడా అలాగే ఉంది.

ఆ సాయంత్రం దొంగతనం, కోడికూర, అన్నీ నాయనకు చెప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన ఆ తోలుముక్కను ఒళ్లో పెట్టుకొని, ఖాళీ అంచు వెంబడి వేలు తిప్పుతూ చాలాసేపు నవ్వాడు.

"తిండి కాడ దొంగవే, కొలత కాడ దొంగవే. అయినా నీ చేతనే కుట్టిచ్చుకున్న్యాడు సూడు" అన్నాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నేనే కుట్టాను. దారం మళ్లీ ముట్టలేదు, ఆ పదకొండు రోజులూ మేనత్త ఇంటి వైపు పోలేదు. ఒక్కసారీ జత తప్పలేదు. ఎట్లా కుదురుతుందో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ తోలుముక్క, ముడివేసిన దారం మా ఇంటి దూలానికి వేలాడుతున్నాయి. నమ్మనివాళ్లు వచ్చి కొలుచుకోవచ్చు.