కాగితం మూలన అత్త బొటనవేలు

"మావుసి చాలిగలే" అని రాయగడ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, నేను "ఎక్కడికి?" అని అడిగాను. ఫోన్ చేసింది మా మేనత్త అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ. ఒడియా ఆవిడ. మావుసి అంటే పిన్ని, అత్తని ఆవిడ అలాగే పిలిచేది. చాలిగలే అంటే వెళ్లిపోయారని. మా అత్తకి వెళ్లిపోవడం అలవాటే. నేను పండక్కి తీసుకెళ్లడానికి వస్తున్నానని తెలిస్తే చాలు, పొద్దున్న బండికి పక్క ఊరు మునిగుడ చెక్కేసి, తెలిసినవాళ్ల ఇంట్లో చింతపండు గింజలు తీస్తూ సాయంత్రం దాకా కూర్చునేది. ఈసారీ అంతే అనుకున్నాను. అవతల ఓనరమ్మ ఏడ్చింది. అప్పటిగ్గానీ నాకు అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేస్తాను. లేచాక ఎందుకు లేచానో తెలియదు. పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వెళ్తాను, వాకిట్లోంచి దేనికో లోపలికి వస్తాను, ఈలోగా పాలు పొంగిపోతాయి. మావారు "కాస్త నిలకడగా ఉండవోయ్" అంటారు. నిలకడ నాకు పుట్టుకతోనే లేదు. అత్త ఉన్నన్నాళ్లూ నన్ను దెప్పింది అందుకే. రాస్తే చెయ్యి అయినా ఒకచోట ఉంటుందేమోనని ఇది మొదలుపెట్టాను.

అత్త మా నాన్నకి అక్క. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పెళ్లై రాయగడ వచ్చింది. మామయ్య రైల్వేలో పనిచేసేవాడు. పిల్లల్లేరు. నా హైస్కూలు చదువంతా వాళ్లింట్లోనే సాగింది. నాకు జడ వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పరీక్షల రోజుల్లో పుస్తకం తలకిందులుగా పట్టుకుని మరీ నాతోపాటు మెలకువగా ఉంది. మామయ్య పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, రైలుకట్టకి దగ్గర్లోనే ఒక పెంకుటింట్లో అద్దెకు దిగింది. ఈమధ్య ఓనరుగారు ఆ ఇల్లు పడగొట్టి మేడ కట్టాలన్నారు. నేను కొరాపుట్ వైపు ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఉంటాను. మాకున్నవి రెండు గదులు. ఒకటి ఖాళీ చేసి సున్నం వేయించి, మంచం వేయించి, "వచ్చెయ్యత్తా" అన్నాను.

"వస్తాను. నాతో నా కాయితాలు కూడా వస్తాయి మరి" అంది.

కాయితాలంటే మీరు ఓ ఫైలు అనుకుంటారేమో. ట్రంకు పెట్టె నిండా, బియ్యం సంచుల నిండా, పరుపు కింద, దేవుడి పటాల వెనక. రేషను కార్డులు, కరెంటు బిల్లులు, ఆసుపత్రి చీటీలు, మామయ్య పాసులు, ఎవరెవరి పెళ్లిళ్లవో శుభలేఖలు. మా ఇంట్లో మనిషికి చోటుంది గానీ వాటికి లేదు. అందుకే చేత్తో పట్టుకునే చిన్న స్కానర్ కొన్నాను. కాగితం పరిచి, దాని మీద పైనుంచి కిందికి జరిపితే చాలు, బొమ్మ లోపల పడిపోతుంది. కాగితాల్ని పాత పేపర్లవాడికి ఇచ్చేయొచ్చు.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటే అమ్మి, అప్పడాల కర్రా?"

"కాదత్తా, మిషను. నీ సంచులన్నీ ఇందులో పట్టేస్తాయి."

"అంత తింటాదా? మరి బక్కగా ఉందేటి?"

అసలు ఆ కాగితాలన్నీ ఎందుకు దాచిందో చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు తర్వాత. అక్కడి ఆఫీసుల్లో ముందున్నదే పేరనుకుంటారు. అందుకని ఏ కౌంటరు దగ్గరైనా మా మామయ్య వాళ్ల ఇంటిపేరు పెట్టి కేకేసేవారు. అత్త ఉలిక్కిపడి, కొంగు సర్దుకుని, మామగారు ఎక్కడున్నారా అని వెనక్కి చూసేది. ఆయన పోయి ఎన్నేళ్లయినా ఆ చూపు మాత్రం పోలేదు. పైగా మన 'అ' వాళ్ల నోట్లో 'ఒ' అయిపోతుంది. రాసేవాడు తాను విన్నది రాస్తాడు, ఇంకొకడు దాన్ని చూసి ఇంగ్లిషులో ఎక్కిస్తాడు, మరొకడు దాన్ని మళ్లీ ఒడియాలోకి దించుతాడు. చివరికి ఏ రెండు కాగితాల్లోనూ అత్త పేరు ఒకేలా లేదు. ఒకదాన్ని పట్టుకెళ్తే ఇంకొకటి కావాలంటారు, దాన్ని పట్టుకెళ్తే ఈ మనిషి ఎవరంటారు. ఆవిడ మటుకు ఏదీ పారెయ్యదు.

"ఈ కాయితంలో నానొక మనిషిని, ఆ కాయితంలో ఇంకో మనిషిని. ఇది పారేస్తే ఆ మనిషి సచ్చిపోతాది కాదేటి" అనేది.

స్కాన్ చేసినవాటికి పేరు పెట్టాలి కదా. ఏ పేరు పెట్టాలో నాకు పాలుపోలేదు. "అత్త అని రాసీ. ఆ ముక్క ఎవులూ తప్పు రాయలేరు" అంది. అలాగే రాశాను.

సెలవు దొరికినప్పుడల్లా కొరాపుట్‌లో బండి ఎక్కేదాన్ని. సొరంగాల్లో ఫోను సిగ్నల్ పోతే కూడా విసుక్కునేదాన్ని, అంత తొందర నాకు. రాయగడలో దిగి, కాళ్లు కడుక్కుని, చాప మీద కాగితాలు పరిచేదాన్ని. స్కానర్ సాఫీగా జరిపితే దాని మీద పచ్చ దీపం వెలుగుతుంది. తొందరపడితే ఎర్రది వెలిగి, అక్షరాలన్నీ పక్కకి సాగిపోతాయి. నాకు ఎప్పుడూ ఎర్రదే.

"నీ సెయ్యి పరిగెడతాది అమ్మి. ఇస్త్రీ పెట్టినట్టు తొయ్యి. ఏల అంత బేగి? బండేటైనా ఎల్లిపోతందా?"

"నిజంగానే వెళ్లిపోతుందత్తా. సాయంత్రం బండికి నేను పోవాలి."

"పోదువుగాని. కాయితానికేటి తెలుసు నీ బండి సంగతి?"

పాత కాగితాలు ముడుచుకుపోతాయి. అందుకని అత్త ఎదురుగా కూర్చుని మూల మీద బొటనవేలు నొక్కి పట్టేది. చింతపండు గింజలు తీసి తీసి ఆ గోరు నల్లబడి, మధ్యలో చీలి ఉండేది. నేను జరుపుతుంటే వేలు కూడా బొమ్మలో పడేది. "వేలు తియ్యత్తా" అంటే తీసేది. కాగితం ముడుచుకునేది. మళ్లీ పెట్టేది. మళ్లీ నేను అరిచేదాన్ని. ఇద్దరం అలా దెబ్బలాడుకుంటుంటే పక్కింట్లోనే ఉండే ఓనరమ్మ గోడ మీంచి తొంగిచూసి నవ్వేది.

వేలొక్కటేనా. ప్రతి కాగితానికీ ఒక కథ చెప్పేది. కొట్పాడ్ నేతచీర కొన్న రశీదు ఒకటి దొరికింది. చేతిలోకి తీసుకుని చూస్తే అందులో అక్షరాలు దాదాపు చెరిగిపోయాయి. "మీ మావయ్య డ్యూటీకని సెప్పి ఎల్లి ఇది తెచ్చేడు. ఎర్ర చీర. మా అత్తకి తెలిస్తే ఊరుకోదని బొగ్గుల గోనెలో దాసేడు. ఆ ఎర్రంతా నల్లగా అయిపోనాది. నానేమో ఉతికి ఉతికి ఏడిసేను, ఆయనేమో నవ్వేడు." చెబుతూ రశీదు ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను గడియారం చూశాను. ఆ నవ్వు స్కానర్‌లో పడలేదు. రశీదు పడింది, నల్ల గోరు పడింది.

ఎన్నిసార్లు వెళ్లినా కట్టలు తరగడం లేదు. నాకు చిరాకెత్తింది. ఒక రోజు మా ఇంట్లో కంప్యూటరు మీద చూస్తుంటే ఒకే కరెంటు బిల్లు రెండుసార్లు కనిపించింది. అదే నెల, అదే మీటరు. మొదటిదాంట్లో అత్త వేలు పై మూలన ఉంది, రెండోదాంట్లో కింది మూలన. వెతికితే శుభలేఖలు కూడా అలాగే ఉన్నాయి. నేను స్కాన్ చేసి పాత పేపర్లవాడి కోసం పక్కన పెట్టినవాటిని, నేను బండి ఎక్కగానే తీసి మళ్లీ సంచుల్లో కలిపేస్తోంది మహాతల్లి.

తర్వాత వెళ్లినప్పుడు అడిగేశాను. కోపంగానే అడిగాను. ఆవిడ కాసేపు గోరు గిల్లుకుంది.

"ఏటి సెయ్యమంటావు? కాయితాలు అయిపోతే ఇల్లు అయిపోతాది. ఇక్కడ రైలు కూత ఇనబడితే మీ మావయ్య డ్యూటీ దిగేడనిపిస్తాది నాకు. మీ కాడ ఫ్యాక్టరీ సైరను ఇనాల. ఎవుల కోసం ఇనాల?"

అంతవరకూ ఆవిడ కాగితాలు వదల్లేకపోతోందనే అనుకున్నాను.

"రావాలని లేకపోతే చెప్పెయ్యి. ఓనరుగారితో నేను మాట్లాడతాను, ఇక్కడే ఇంకో గది చూద్దాం" అన్నాను.

"రానని ఎవులన్నారు? నువ్వు లాగితే రాను. నా కాళ్లతో నాను వస్తాను. అందాకా ఊరుకో."

ఊరుకున్నాను. నా బతుకులో నేను ఊరుకున్నది ఆ ఒక్కసారే. తర్వాత వెళ్లినప్పుడు కూడా కాగితాలు పరిచాం, కథలు విన్నాను, చూసినవాటినే మళ్లీ చూశాను, ఒక్క మాట అనలేదు. వేలు తియ్యమని కూడా అనలేదు. కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున్న ఆవిడే ఫోను చేసింది.

"అమ్మి, ఆదివారం రా. ఆకరి కట్ట ఒకటి ఉంది. మిషను తే. అదయ్యేక ఇద్దరం ఎల్లిపోదాం. ఆ గదిలో కిటికీ ఏ పక్కకున్నాది?"

"తూర్పుకి" అన్నాను.

"పోనీలే, మంచిదే" అంది.

నేను చాలా సంతోషించాను. కొత్త దుప్పటి పరిచాను, కిటికీకి తెర కట్టాను, తీసేసి ఇంకోటి కట్టాను. శనివారం ఓనరమ్మ ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందట.

కార్యక్రమాలన్నీ అయ్యాక, ఇల్లు ఖాళీ చేసి తాళాలివ్వడానికి నేను ఒక్కదాన్నే మళ్లీ రాయగడ వెళ్లాను. సామానంతా పంచేశాం. గదిలో చాప, ఆ కట్ట మిగిలాయి. పాత చీర అంచుతో గట్టిగా ముడేసి ఉంచింది. పళ్లతో విప్పాల్సి వచ్చింది. అన్నీ మామూలు కాగితాలే, కరెంటు బిల్లులు, చీటీలు. సగం నేను ఇంతకుముందు స్కాన్ చేసినవే.

మొదటి కాగితం పరిచాను. ముడుచుకుపోయింది. చదును చేసి స్కానర్ పెట్టేలోగా మళ్లీ ముడుచుకుంది. ఎదురుగా ఎవరూ లేరు. రాయి పెడదామా అని లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఎడమ బొటనవేలితో మూల నొక్కి పట్టి, కుడిచేత్తో జరిపాను. నెమ్మదిగా. ఇస్త్రీ పెట్టినట్టు. పచ్చ దీపమే వెలిగింది. సాయంత్రం బండి కూత వినిపించింది, బండి వెళ్లిపోయింది కూడా. నేను ఒక్కో కాగితమే తీస్తూ, ఆ కథ ఏమై ఉంటుందా అని చూస్తూ కూర్చున్నాను.

తాళాల కోసం ఓనరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "సొరిలా?" అంది. అయిపోయిందా అని.

అప్పుడే ఆఖరి కాగితం అయింది. మూలన నా బొటనవేలు పడింది. ఆ కాగితాన్ని పక్కన పెట్టబోయి ఆగాను. మిగిలినవాటితో కలిపి కట్ట తిరగేసి, పై కాగితం తీసి మళ్లీ చాప మీద పరిచాను.

"ఇంకా లేదు" అన్నాను.