స్టీరింగ్ వదలాల్సిన క్షణం

శశికళ బెంగళూరు శివారు హూడిలో పుట్టి పెరిగింది. పక్కనే బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో, కంప్యూటర్ రేసింగ్ ఆటలకు కార్లు తయారుచేస్తుంది. కారు బొమ్మ గీయడం వేరేవాళ్ల పని. అది రోడ్డు మీద ఎలా నడవాలో, చక్రాల్ని కారుకు కలిపే సస్పెన్షన్‌లో ఏ భాగం ఎక్కడ ఉండాలో లెక్కగట్టేది ఆమె. పరీక్షించడానికి ఒక సీటు, మోటారు బిగించిన స్టీరింగ్ ఉంటాయి. ఆటలో చక్రాలు ఎంత బలంగా లాగితే, ఆ మోటారు చేతుల్ని అంత బలంగా లాగుతుంది.

ఒక మధ్యాహ్నం ఆటలో పెట్టబోయే పాత రేసుకారు ఒకదాన్ని పరీక్షిస్తూ, స్టీరింగ్ తనంతట తాను తిన్నగా ఉంటుందో లేదో చూడాలని తిన్నని దారిలో చేతులు వదిలింది. స్టీరింగ్ కొంచెం ఎడమకు కదిలి కుడికి వచ్చింది. మళ్లీ ఎడమకు, ఈసారి ఎక్కువగా. రెప్పపాటులో పిచ్చిపట్టినట్టు ఊగసాగింది. ఆపుదామని చెయ్యి పెట్టింది. బొటనవేలు స్టీరింగ్ కమ్మీల మధ్య ఇరుక్కుంది. మణికట్టు విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది.

కట్టు విప్పాక పనిలో చేరింది గానీ, భయం విడవలేదు. మోటారు ఆన్ చేస్తే వచ్చే సన్నని రొదకే అరచేతులు చెమట పట్టేవి. ఆటోలో పోతుంటే హ్యాండిల్ అదిరినా కళ్లు మూసుకునేది. ఆ పని మానెయ్యమని ఇంట్లో అమ్మ పోరుపెట్టింది.

ఆ కారు ఇంకా అలాగే ఉంది. మోటారు బలం తగ్గించి, ఊగుడు బయటపడకుండా పంపేద్దామన్నాడు తోటి ఉద్యోగి హరీశ్. ఆట కొన్నవాళ్లు ఇంట్లో తమ స్టీరింగుకు మళ్లీ బలం పెంచుకుంటారని శశికళకు తెలుసు. ఈసారి కమ్మీల మధ్య ఇంకెవరి వేలో ఇరుక్కుంటుందని ఆమె ఒప్పుకోలేదు.

స్టీరింగ్ జోలికి పోకుండా, ముందు చక్రాల కొలతలన్నీ మళ్లీ చూసింది. చక్రాన్ని పట్టుకునే కీళ్లు పైన ఒకటి, కింద ఒకటి. సైకిల్ ఫోర్కు ఏటవాలుగా ఉన్నట్టే, ఈ రెండింటినీ కలిపే గీత కూడా కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలు వల్లే స్టీరింగ్ తనంతట తాను తిన్నగా వస్తుంది. ఈ కారులో పై కీలు మరీ వెనక్కి పోయింది. పాత డ్రాయింగులో ఆ ఒక్క కొలతా ఇరుసు నుంచి కాక, ముందున్న అడ్డకమ్మీ నుంచి వేశారు. తాను దాన్నీ ఇరుసు నుంచే అనుకుని పెట్టింది. వాలు ఎక్కువై, స్టీరింగ్ మధ్యలో ఆగక దాటిపోతోంది. మోటారు స్పందన కొంచెం ఆలస్యమవుతుంది కాబట్టి ప్రతి ఊపూ పెరుగుతోంది.

కొలత సరిచేసింది. ఇక ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. తాను కూర్చుంటానన్నాడు హరీశ్. లెక్క తప్పైతే విరిగేది అతని చెయ్యి. అది ఆమెను ఇంకా భయపెట్టింది. మోటారు ఆపే స్విచ్ దగ్గర అతన్ని నిలబెట్టి, తనే కూర్చుంది.

"హరీశ్, స్విచ్ మీద చెయ్యి తియ్యొద్దప్పా."

"తియ్యను శశక్కా. వద్దనిపిస్తే ఇప్పుడే దిగిపో."

దిగలేదు. వేగం పెంచింది. వదలాలనుకుంటే వేళ్లు రాలేదు. ఒక్కొక్కటే విప్పి, చేతులు ఒళ్లోకి లాక్కుంది. స్టీరింగ్ ఎడమకు ఊగింది. కుడికి వచ్చింది, తగ్గింది, సన్నగా వణికింది. ఆ వణుకు ఎంతకీ పోలేదు. చివరికి మధ్యలో నిలిచింది.

అవసరం లేకపోయినా హరీశ్ స్విచ్ నొక్కేశాడు. అతని ముఖమూ పాలిపోయింది.

మిగిలిన వణుకును, ఊపును అణిచే డ్యాంపింగ్ కొద్దిగా వేసి ఆపారు. ఆ కారుతో ఆట మార్కెట్లోకి వెళ్లింది. ఎవరికైనా దెబ్బ తగిలిందన్న కబురు రాలేదు. శశికళ ఇప్పటికీ అదే సీట్లో కూర్చుంటుంది. కొత్త కారు పరీక్ష ఉన్న రోజు అన్నం సయించదు. భయం పోయిందా అని అమ్మ అడిగితే, "అట్లే ఉండాదిమా" అని చెప్పి బస్సెక్కుతుంది.