ఉత్తుత్తి ఈగ, ఫ్రోజెన్ చేప

చెప్తే నవ్వుతారు గానీ, మా ఫ్రిజ్ నిండా చేపల పులుసే. కావాలంటే డబ్బాలు పట్టుకుని రండి. అదంతా ఎందుకు మిగిలిందని మాత్రం అడక్కండి... సరే, అడిగారు కాబట్టి చెప్తాను.

మా ఆవిడకి న్యూజెర్సీలో జాబ్, నాకు ఇక్కడ మిషిగన్‌లో, ట్రాయ్ అనే ఊళ్లో. పాప వాళ్లమ్మ దగ్గరే. వీక్‌డేస్ ఎలాగో ఆఫీస్‌లో గడిచిపోతాయి. శనివారం వస్తే అపార్ట్‌మెంట్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఫ్యామిలీ దగ్గర లేనివాణ్ణి పార్టీలకి పిలవడం కూడా జనం మర్చిపోతారు. సోమవారం పొద్దున్న ఆఫీస్‌లో నోరు విప్పితే గొంతు కీచుమంటుంది. వీకెండంతా ఎవరితోనూ మాట్లాడి ఉండను కదా!

కింది ఫ్లాట్‌లో వాల్టర్ అని రిటైరైన పెద్దాయన, ఆయనా ఒంటరే. ఆయనే నాకు డ్రై ఫ్లైస్ కట్టడం నేర్పాడు. అంటే గాలం ముల్లుకి దారం, ఈకలు చుట్టి ఉత్తుత్తి ఈగని చేయడం. అది నీళ్ల మీద తేలితే, ట్రౌట్ చేప నిజం ఈగ అనుకుని వచ్చి పట్టుకుంటుంది. చలికాలమంతా నాకదే పని. దారం మా ఆవిడ వదిలేసి వెళ్లిన కుట్టు డబ్బాలోది. నెమలి ఈక దేవుడి గూట్లోది. స్కైప్‌లో పాప కనిపెట్టేసింది!

"డాడీ, కృష్ణ పీకాక్ ఫెదర్ ఏది?"

"చేపల కోసం తీశానమ్మా."

"ఫిష్‌కి ఫెదర్ ఎందుకు?"

కట్టిన ఈగ ఒకటి తీసి కెమెరాకి చూపించాను.

ఏప్రిల్‌లో ఏటికి వెళ్దామన్నాడు వాల్టర్. నాకు హుషారొచ్చి తెలిసిన తెలుగువాళ్లందరికీ ఫోన్లు చేసేశాను. "ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు. నా చేత్తో పట్టిన చేప!" శ్రీధర్ అయితే, "అన్నా, ఫ్యామిలీతో వస్తాం, పక్కా!" అన్నాడు. ఇల్లంతా వాక్యూమ్ చేశాను. మడత కుర్చీలు కొన్నాను. మా ఇంటికి మనుషులొచ్చి ఎన్నాళ్లయిందో.

శనివారం ఏట్లో దిగాం. ఈగ తేలడానికి దానికేదో జెల్ రాయాలట. దాని బదులు నేను కొబ్బరినూనె పట్టించాను. మిషిగన్ చలికి అది తెల్లగా గడ్డకట్టి, మన ఈగ బుడుంగున మునిగింది! వాల్టర్ నవ్వాపుకుని తన జెల్ ఇచ్చాడు. ఇంకో ఈగ వేశాను. కాసేపటికి... పడింది! నిజంగా పడింది! మూరెడు ట్రౌట్! దాన్ని పెట్టడానికి నేను ఐస్ కూలర్ మూత తీశాను.

"ఎంత అందంగా ఉందో! ఇక వదిలెయ్" అన్నాడు వాల్టర్.

"వదలడమా? ఇంటికి జనం వస్తున్నారు!"

"ఇక్కడ పట్టుకోవచ్చు గానీ తీసుకెళ్లకూడదు. బోర్డ్ చూడలేదా?"

చూడలేదు. చలికాలమంతా ఈగలు కట్టాను గానీ, చేపని ఏం చేస్తామని ఒక్కసారీ అడగలేదు. పట్టిన చేపని వండుకోకుండా ఇంకేం చేస్తారండీ! వదిలేశాను. తోక ఊపుకుంటూ పోయింది. నా మొహం చూసి ఆయన జాలిపడుతుంటే, "రేపు మీరూ డిన్నర్‌కి రండి" అన్నాను. "మేబీ" అన్నాడు. మేబీ అంటే రానట్టే కదా, ఆయన్ని లెక్కలో వేసుకోలేదు.

చేప లేదంటే మనవాళ్లు రారేమోనని భయం. ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తి ఫ్రోజెన్ చేపలు తెచ్చి పెద్ద గిన్నెడు పులుసు పెట్టాను. నేనెలా పట్టానో కథ కూడా అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను.

ఆదివారం సాయంత్రం ఫోన్లు మొదలు. "అన్నా, బర్త్‌డే పార్టీ ఒకటుందని మర్చిపోయాం." ఇంకొకరికి జ్వరం. మరొకరిది ఉత్త టెక్స్ట్, 'సారీ, నెక్స్ట్ టైమ్'. ఆ మడత కుర్చీల మధ్య కూర్చుంటే, నిజం చెప్తున్నా, ఏడుపొచ్చింది.

అప్పుడు బెల్ మోగింది. ఇస్త్రీ చొక్కాలో వాల్టర్, చేతిలో స్వీటు, యాపిల్ పై! కూర్చోబెట్టి వడ్డించాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కారానికి కళ్లల్లో నీళ్లు, మొహం ఎర్రగా. అయినా, "బ్యూటిఫుల్! ఈ చేప ఎక్కడిది?" అన్నాడు.

ప్రాక్టీస్ చేసిన నోరు ఊరుకుంటుందా! "నిన్న నేనే పట్టాను!" అనేశాను. ఊళ్లో ఇంతమంది ఉండగా, ఆ చేప తోక ఊపుకుంటూ పోవడం చూసిన ఒకే ఒక్క మనిషితో!

వాల్టర్ నా వైపు చూశాడు. ఖాళీ కుర్చీల వైపు చూశాడు. తన కంచం నా ముందుకి జరిపి అన్నాడు:

"నువ్వు ఒక్కడివే తినాల్సొస్తుందని ఆ చేపే తిరిగొచ్చుంటుంది. ఇంకొంచెం వెయ్."