వెనక్కి రాని మెయిల్

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానలు మొదలైన జూన్‌లో, కొత్తగూడెంలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరాను. సర్వర్లు, మెయిల్ నా బాధ్యత. ములకలపల్లి, టేకులపల్లి వైపు అడవి అంచు ఊళ్లలో ట్రస్టుకు చిన్న ఆరోగ్య కేంద్రాలుండేవి. అక్కడి నర్సులు రక్తపరీక్షల రిపోర్టులు మెయిల్‌లో పంపితే, ఇక్కడి డాక్టరు చూసి రోగిని తీసుకురావాలో వద్దో చెప్పేవారు.

మా పరిపాలనాధికారికి చెత్త మెయిళ్లంటే చిరాకు. అది న్యాయమే. కానీ ఆయన ఇచ్చిన ఆజ్ఞ వేరు: అనుమానం కలిగించే ప్రతి మెయిలునూ చెరిపేయాలి, పంపినవారికి కబురు కూడా వెళ్లకూడదు. నేను ఒప్పుకోలేదు. అలాంటివాటిని విడిగా ఆపి రోజూ చూడాలి, లేదా సర్వర్ తీసుకోకముందే పంపినవారికి తిప్పికొట్టాలి అన్నాను. "మీరు ప్రతిదానికీ అడ్డం చెబుతారండీ" అన్నారాయన. నేను శిక్షణకు హైదరాబాద్ వెళ్లిన వారంలో బయటి కాంట్రాక్టరును పిలిచి, చెరిపేసే ఏర్పాటే చేయించారు. నాకు చెప్పలేదు.

నేను తిరిగొచ్చిన రోజే ములకలపల్లి వైపు నుంచి జోగమ్మ అనే ఏడు నెలల గర్భిణిని రక్తస్రావంతో తెచ్చారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. జ్వరంతో ఆమె ప్లేట్‌లెట్లు పడిపోతున్నా రిపోర్టు పంపలేదంటూ అక్కడి నర్సు మేరీకి మెమో ఇచ్చారు.

మేరీ నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "మొన్ననే పంపిన మేడం. వాపస్ రాలే. వాపస్ రాకుంటే ముట్టినట్టే గదా? డాక్టర్ సార్ చూసిండు, ఫికర్ లేదేమో అనుకున్న."

అదే ఫైలు మళ్లీ పంపమన్నాను. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం, అందుకని కాగితాలను స్కాన్ చేసి జిప్ ఫైలుగా కుదించి పంపేది. మా సర్వర్ ఆ మెయిలును తీసుకున్నానని అవతలి సర్వర్‌కు జవాబిచ్చింది, మరుక్షణం జిప్ ఫైలు ఉందన్న అనుమానంతో చెరిపేసింది. నా కళ్ల ముందే.

పరిపాలనాధికారిని నా కుర్చీ దగ్గరికి పిలిచి, మేరీతో ఇంకోసారి పంపించాను. చూశారు. సాఫ్ట్‌వేర్ అన్నాక పొరపాట్లుంటాయన్నారు.

"పొరపాటు కాదు సార్. మీరు చెప్పింది చెప్పినట్టు చేసింది" అన్నాను. మెమో వెనక్కి తీసుకోకపోతే ఇదంతా ట్రస్టు పెద్దల ముందు చూపిస్తానన్నాను.

మెమో రద్దయింది. మేరీకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. జోగమ్మకు జ్వరం ముదిరిందని మాత్రమే చెప్పారు. నేను వార్డుకు వెళ్లి జరిగింది చెప్పాను. "జల్దీ తెలిస్తే బిడ్డ దక్కేదా?" అని అడిగింది. చెప్పలేనన్నాను. ఆ అధికారి అదే కుర్చీలో కొనసాగారు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఆ నియమాన్ని తీసేశాను. డాక్టరు జవాబు వచ్చేదాకా రిపోర్టు అందనట్టే లెక్క, రాకపోతే ఫోన్ చేయాలి అని నర్సులందరికీ చెప్పాను.

మెయిల్ సర్వర్ తీసుకున్నానంటే ఆ మెయిలుకు అదే పూచీ. పూచీ పడలేనిదాన్ని, పంపినవారికి తెలిసేలా, గుమ్మంలోనే కాదనాలి. సెట్టింగు మార్చినవారు అన్నిటికంటే దూరపు కేంద్రం నుంచి ఒక మెయిలు పంపించుకుని, అది ఎక్కడ తేలిందో కళ్లారా చూశాకే కుర్చీలోంచి లేవాలి.